గోడ మీది తరాజు

ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడకు బిగించిన చిన్న పెట్టె ఒకటి ఉన్నది. ఇంటి దీపం, పంకా, మోటారు, ఫ్రిజ్ అన్నీ దాని గుండానే ప్రాణం పోసుకొంటున్నవి. ఇంతకాలం అది మూగసాక్షి. నెలకొకమారు బిల్లు మిషనుతో కుర్రవాడు వచ్చినపుడు ఒక్క అంకె మాత్రం చెప్పి ఊరుకొనేది. ఇప్పుడు ఆ సాక్షికి నోరు వస్తున్నది. రోజంతా, అరగంటకొకమారు, ఎక్కడో ఉన్న కార్యాలయానికి అది మన ఇంటి కబురు చేరవేయగలదు. అక్కడినుండి వచ్చిన ఆజ్ఞను అందుకొని మన ఇంటి దీపం ఆర్పగలదు కూడ. దీనినే స్మార్ట్ మీటరు అంటున్నారు. నోరు వచ్చిన సాక్షి ఎవరి పక్షాన మాట్లాడుతుంది? ఈ ప్రశ్ననే విద్యార్థి మిత్రుల ఎదుట, కమిటీ పెద్దల ఎదుట ఉంచదలచినాము.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలను ఎరిగినవారికి ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఒకనాడు ఈ నేల అనాబెషాహి ద్రాక్షతోటలకు, వాటిని తడిపిన బావులకు పేరుపొందినది. ఆ తోటల స్థానంలో నేడు వెంచర్లు, అపార్ట్‌మెంట్లు, తుర్కపల్లి వైపు ఔషధ పరిశోధనా సంస్థలు వెలసినవి. 2016లో జిల్లా ఏర్పడినది. 2022లో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కలెక్టరేటు వచ్చినది. నగరం ఇటు నడచివచ్చినది. దాని వెంట అద్దె ఇళ్ళు వచ్చినవి. ఒక ఇంటిలో నాలుగు పోర్షన్లు, నాలుగు పోర్షన్లకు ఒకటే సర్కారు మీటరు, దాని కింద యజమాని బిగించుకొన్న మూడు సొంత మీటర్లు. ఇదీ మన బస్తీల నిజస్వరూపం. మీటరును గురించి మాట్లాడడమంటే ఈ గోడల మధ్య జరిగే లెక్కను గురించి మాట్లాడడమే.

మన నగరానికి కరెంటు కొత్తది కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలసినది. నేడు ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ఉన్న చోటు అది. నాటినుండి నేటివరకు కొలత సూత్రం ఒక్కటే. వేయి వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఒక యూనిట్. పాతకాలపు పంకా డెబ్బది అయిదు వాట్లది రోజుకు పది గంటలు తిరిగితే నెలకు ఇరువదిరెండున్నర యూనిట్లు. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకొక గంట నడిచినా దాదాపు అంతే. సూత్రం మారలేదు గాని కొలిచే చేయి మారినది. మా బాల్యంలో మీటరులో అల్యూమినియం చక్రం తిరుగుతుండేది; దానిమీది నల్లగీత మళ్ళీ ఎప్పుడు వస్తుందోనని ఎదురుచూడడం మాకొక ఆట. తరువాత ఎర్రదీపం మిణుకుమనే ఎలక్ట్రానిక్ మీటరు వచ్చినది. నేడు మన పరిసరాలలో మేము చూస్తున్నవి అధికభాగం ఇవే. వీటి తరువాతి మెట్టు స్మార్ట్ మీటరు.

2021లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ పంపిణీ రంగ సంస్కరణకు మూడు లక్షల కోట్ల రూపాయలకు పైబడిన పథకాన్ని ఆమోదించినది. 2025 మార్చి నాటికి దేశంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించాలన్నది దాని ఆశయం. ఆ గడువుకు ఆశయం నెరవేరలేదు. తెలంగాణ తొలుత ఆ పథకంలో చేరలేదు. వ్యవసాయ పంపుసెట్లకు మీటర్ల మాట ఇక్కడ పెద్ద రాజకీయ వివాదమైనది. అయినా ఈ యంత్రం మన జిల్లాకు పూర్తిగా అపరిచితం కాదు. దేశంలో ప్రయోగాత్మకంగా చేపట్టిన స్మార్ట్ గ్రిడ్ పథకాలలో ఒకటి మన పొరుగునే ఉన్న జీడిమెట్ల పారిశ్రామికవాడలో జరిగినది. దాదాపు పన్నెండు వేలమంది వినియోగదారులు దాని పరిధిలోనివారు. జీడిమెట్ల నుండి మేడ్చల్‌కు ఎంతో దూరం లేదు. నేడు కాకున్న రేపైనా ఈ పెట్టె మన గుమ్మం ముందుకు రాగలదు. వచ్చిన తరువాత గొణుగుకొనే కన్న, రాకముందే ఆలోచించడం విద్యావంతుల ధర్మం.

ముందుగా దాని గుణాలను న్యాయంగా ఒప్పుకొందాము. 2020లో కరోనా లాక్‌డౌన్ కాలాన రీడింగులు ఆగిపోయినవి. తొలుత పాత బిల్లుల ఆధారంగా సొమ్ము కట్టించుకొని, జూన్‌లో నెలల వాడుకను ఒక్కసారిగా లెక్కగట్టినపుడు ఎన్ని ఇళ్ళలో గుండెలు జారినవో పాఠకులు మరచిపోయి ఉండరు. మీటరు తన లెక్క తానే పంపుకోగల కాలంలో అటువంటి గందరగోళానికి తావు తక్కువ. తలుపు తాళం వేసి ఉన్నదనీ, కుక్క ఉన్నదనీ ఊహతో వేసే బిల్లులు ఉండవు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం పడుతున్నదో, ఏ తీగనుండి కరెంటు దొంగతనంగా పోతున్నదో తెలుస్తుంది. దొంగిలించిన కరెంటు వెల నిజాయితీగా కట్టేవారి బిల్లులోనే చేరుతున్నదని మరువరాదు. తూకంలో మోసం మహాపాపమని మన పెద్దలు మనకు చిన్ననాటనే చెప్పినారు. ఆ మాట దుకాణదారుకే గాని కొక్కెం వేసి కరెంటు లాగేవానికి వర్తించదని ఎవరూ చెప్పలేదు.

ఇక బిల్లులోని లెక్కకు వద్దాము. 2022 ఏప్రిల్ నుండి మన రాష్ట్రంలో అమలుకు వచ్చిన గృహ రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి నూరు యూనిట్లకు 3 రూపాయల 40 పైసల చొప్పున, తరువాతి నూటికి 4 రూపాయల 80 పైసల చొప్పున, మొత్తం 820 రూపాయలు. స్థిర చార్జీ, సుంకం మొదలైనవి వేరు. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే మొదటి 200 యూనిట్ల రేటే మారిపోతుంది. యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల చొప్పున 1020 రూపాయలు, ఆ పై ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. అనగా ఆ ఒక్క యూనిట్ వెల 207 రూపాయల 70 పైసలు! 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకొంటున్న పేద ఇంటికి ఈ గీత ఇంకా కఠినమైనది. 200 వరకు ఏమీ లేదు. దాటితే మొత్తం బిల్లు. ఏప్రిల్ నెల ఎండలో ఒక కూలరు అదనంగా నాలుగు రాత్రులు తిరిగినంత మాత్రాన సున్నా వేయి రూపాయలు కాగలదు.

ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నామో నేడు గృహిణికి తెలియదు. నెల ముగిసి, కాగితం చేతికి వచ్చిన తరువాతనే తెలుస్తుంది. మా వీధిలో కుట్టుపనితో పిల్లలను చదివించుకొంటున్న ఒక సోదరి ఉన్నది. మిషనుకు మోటారు పెట్టుకొన్నది. పండుగ నెలలో పని ఎక్కువ. ఆ నెలలోనే బిల్లు భయం కూడ ఎక్కువ. “భాయ్‌సాబ్, ఇరవయ్యో తారీఖుకు ఎన్ని కాలినయో ఎవరన్న చెప్తే చాలు, మిగిలిన పది రోజులు నేను చూసుకుంట” అని ఆమె మాతో అన్నది. స్మార్ట్ మీటరును గురించి మేము విన్న మాటలలో ఇంతకన్న అర్థవంతమైనది లేదు. ఆమె కోరినది రాయితీ కాదు, కేవలం తెలుసుకొనే హక్కు. కొత్త యంత్రం ఆమెకు ఆ ఒక్క మేలు చేసినా దానికి మేము స్వాగతం పలుకుతాము.

ఇంత చెప్పిన తరువాత మా తప్పు ఒకటి దాచడం న్యాయం కాదు. మా ఇంటి పై పోర్షనును నాలుగేళ్ళుగా ఒక కుటుంబానికి అద్దెకిచ్చినాము. వారికొక సొంత మీటరు బిగించి, అందరివలెనే యూనిట్‌కు తొమ్మిది రూపాయలు తీసుకొనేవారము. మా బిల్లు పెరుగుతున్నది గనుక మేమే నష్టపోతున్నామని కూడ అనుకొనేవారము. తరగతిలో ఒకనాడు వేరే సందర్భంలో ఈ సంగతి రాగా, వెనుక బెంచీ విద్యార్థి లేచి “సార్, వారికి వేరే మీటరుంటే ఎంత పడేది?” అని అడిగినాడు. నల్లబల్ల మీద లెక్క వేసినాము. మేము వాడినది 200 యూనిట్లు, వారు వాడినది 90. ఒకే మీటరు మీద 290 యూనిట్లకు 1713 రూపాయలు. రెండు మీటర్లుంటే మాది 820. వారిది మొదటి యాభైకి 1 రూపాయి 95 పైసలు, మిగిలిన నలుబదికి 3 రూపాయల 10 పైసల చొప్పున 221 రూపాయల 50 పైసలు. రెండూ కలిపి 1041 రూపాయల 50 పైసలు. నెలనెలా 671 రూపాయల 50 పైసలు రెండు కుటుంబాలూ కలిసి వృథాగా కడుతున్నవి. తెల్ల రేషను కార్డు కలిగిన ఆ కుటుంబం గృహజ్యోతిలో సున్నా కట్టవలసిన చోట మాకు 810 రూపాయలు ఇస్తున్నది.

మేము వేరే మీటరు ఎందుకు తీసుకోలేదు? ఖర్చు మాత్రమే కారణం కాదు. అద్దెదారు పేర కాగితం పుడితే రేపు ఇంటిమీద హక్కు అడుగుతాడేమోనన్న యజమాని భయం. ఆ భయానికి ఆధారమేమో మేము ఏనాడూ విచారించలేదు. నల్లబల్ల ముందు నిలబడిన ఆ నాలుగు నిమిషాలు మాకు సిగ్గు కలిగించినవి. ఆ నెలలోనే రెండవ కనెక్షనుకు దరఖాస్తు చేసినాము. ఈ కథ చెప్పడంలో మా ఉద్దేశం ఒక్కటే. యంత్రం ఎంత తెలివైనదైనా, యజమాని గోడకు బిగించుకొన్న సొంత తరాజు అలాగే ఉంటే పేదవాని చేతికి న్యాయం చేరదు. స్మార్ట్ మీటరు సర్కారుకూ ఇంటికీ మధ్యనున్న లెక్కనే సరిచేస్తుంది. మనిషికీ మనిషికీ మధ్యనున్న లెక్క మనమే సరిచేసుకోవాలి.

ఇక మా అభ్యంతరాలు. మొదటిది ప్రీపెయిడ్ నిర్బంధం. ముందు సొమ్ము, తరువాత కరెంటు అన్నది సెల్‌ఫోనుకు చెల్లవచ్చును, దీపానికి చెల్లదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయి పడినవాని కనెక్షను కత్తిరించడానికి ముందు పదునైదు పూర్తి దినాల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వవలసి ఉన్నది. ఆ పదునైదు దినాలు ధనికునికి లెక్కలోనివి కావు గాని దినకూలీకి ప్రాణవాయువు. ఒక వారం పని దొరకకున్నా, మరు వారం తెచ్చి కట్టగలడు. నిల్వ సున్నా కాగానే దానంతటదే ఆరిపోయే దీపానికి ఆ ఓర్పు ఉండదు. నెలంతా వాడుకొని తరువాత కట్టే సౌకర్యమూ, పదునైదు దినాల గడువూ రెండూ పేదవాని చేతినుండి జారిపోతవి. అదే చట్టం 47వ సెక్షను ప్రీపెయిడ్ మీటరుకు అంగీకరించినవానిని డిపాజిట్టు అడగరాదని చెబుతున్నది. అంగీకారం అన్న ఆ మాటలోనే ఐచ్ఛికమన్న భావం ఉన్నదని మేము భావిస్తున్నాము.

దూరంనుండి మీట నొక్కే అధికారం పొరపాటుకు కూడ లోబడినదే. 2020 ఆగస్టు 12న, శ్రీకృష్ణాష్టమి నాడు, ఉత్తరప్రదేశ్‌లో లక్షకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్ళలో కరెంటు దానంతటదే పోయినది. బాకీ లేనివారి ఇళ్ళలోనూ చీకటి కమ్మినది. బ్రిటన్ వంటి సంపన్న దేశంలోనే బకాయిదారుల ఇళ్ళలో నిర్బంధంగా ప్రీపెయిడ్ మీటర్లు బిగించడంపై 2023లో తీవ్ర నిరసన రేగి, ఆ పని నిలిపివేయవలసి వచ్చినది. 2024లో గుజరాత్‌లోని వడోదరలో ప్రజలు వీధికెక్కగా, అనుమానం తీర్చడానికి పాత తరహా మీటర్లను పక్కపక్కన బిగించి చూపవలసి వచ్చినది. కరెంటు బిల్లు చిన్న విషయమని భావించే పాలకులకు మన నగరమే ఒక పాఠం. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల పెంపుపై ఉద్యమించినవారిమీద కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయినారు.

రెండవది ఇంటి మర్యాద. అరగంటకొకమారు వాడుక నమోదైనపుడు ఆ అంకెలు ఉత్త అంకెలుగా మిగలవు. రమజాను మాసంలో మా వీధిలో తెల్లవారుజామున మూడున్నరకే దీపాలు వెలుగుతవి, వంటింట మిక్సీ తిరుగుతుంది. ఆ నెల అంకెలను వరుసగా పేర్చినవాడు ఏ ఇంట సహరీ జరుగుతున్నదో, ఏ ఇల్లు ఏ మతానిదో పేరు అడగకుండానే చెప్పగలడు. అదేవిధంగా కార్తీకమాసంలో వేకువనే లేచే ఇంటిని గుర్తించగలడు. రోగి ఉన్న ఇంటిని, ఊరెళ్ళిన ఇంటిని, ఒంటరి స్త్రీ రాత్రి ఉద్యోగం నుండి తిరిగివచ్చే వేళను గుర్తించగలడు. ఇది ఒక మతం బాధ కాదు. తలుపు ఉన్న ప్రతి ఇంటి బాధ. 2009లో నెదర్లాండ్స్ ఎగువసభ ఈ కారణం మీదనే నిర్బంధ స్మార్ట్ మీటర్ల బిల్లును తిరస్కరించినది. 2018లో అమెరికా అప్పీళ్ళ కోర్టు ఒకటి, పురపాలక సంస్థ పదునైదు నిమిషాలకొకమారు వాడుక సేకరించడం ఇల్లు సోదా చేయడం కిందికే వస్తుందని చెప్పి, ఆ కేసులోని పరిస్థితులలో అది సహేతుకమని తీర్పునిచ్చినది. మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించినది. ఆ హక్కు గుమ్మం వద్ద మీటరును చూచి ఆగిపోరాదు.

మూడవది రేట్ల వేళలు. 2023లో సవరించిన కేంద్ర నియమాలు ఎండ ఉన్న గంటలలో కరెంటు చౌకగాను, సాయంకాలపు రద్దీ వేళ ప్రియంగాను ఉండాలని నిర్దేశించినవి. సూర్యకాంతినుండి పుట్టే విద్యుత్తు పగలే దొరుకుతుంది గనుక ఇందులో హేతువు లేకపోలేదు. నీళ్ళ మోటారును రాత్రినుండి మధ్యాహ్నానికి మార్చుకొనేవారు మార్చుకోవచ్చును. కాని పగలంతా కంపెనీలో పనిచేసి సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరే తల్లి వంట ఎప్పుడు చేయాలి? పిల్లవాడు దీపం కింద ఎప్పుడు చదవాలి? వేళలను మార్చుకోగల వెసులుబాటు కూడ ఒక సంపదే. అది లేనివానిపై ప్రియమైన గంటల భారం మోపడం న్యాయం కాదు.

నాలుగవది, నెలనెలా మన గుమ్మం తట్టే బిల్లు కుర్రవాడు. బిల్లుకింత అని కూలి పుచ్చుకొనే ఆ యువకులలో మన కళాశాల పూర్వవిద్యార్థులు కూడ ఉండడం మేమెరుగుదుము. యంత్రం వారి పని తీసుకొంటే, మీటరు బిగింపులో, తనిఖీలో, ప్రజలకు వివరించే పనిలో వారికి మొదటి స్థానం ఇవ్వడం కనీస ధర్మం.

కనుక మా అభిప్రాయం స్పష్టం. కొలతను మేము వ్యతిరేకించము. కొలత పేర పెత్తనాన్ని వ్యతిరేకిస్తున్నాము. మీటరు వచ్చునపుడు ఈ షరతులతో రావలెను. ప్రీపెయిడ్ పద్ధతి కోరినవారికే ఉండాలి. రాత్రివేళ, పరీక్షల కాలంలో, రోగి ఉన్న ఇంట మీట నొక్కరాదు. అనుమానం వెలిబుచ్చిన వినియోగదారునికి అయిదు దినాలలో సరిపోల్చే మీటరు బిగించి మూడు నెలలు చూపాలని 2024లో సవరించిన నియమాలే చెబుతున్నవి. అది కాగితంమీద మిగిలిపోరాదు. 200 గీత దగ్గరపడినపుడు ముందుగా హెచ్చరిక రావాలి. ఆ హెచ్చరిక తెలుగులోను, 2017 నుండి రాష్ట్రానికంతటికీ రెండవ అధికార భాష అయిన ఉర్దూలోను ఉండాలి. స్మార్ట్ ఫోను లేని ఇంటికి మీటరు ముఖం మీదనే అర్థమయ్యేట్లు చూపాలి. బిల్లుకు కావలసినంత లెక్కకు మించి మన ఇంటి కబురు మన అనుమతి లేక ఎవరికీ ఇవ్వరాదు.

విద్యార్థి మిత్రులారా, ఇందులో మీ పని కూడ ఉన్నది. మీలో చాలామంది మీ ఇంట మొదటి పట్టభద్రులు కాబోతున్నారు. నేటి సాయంత్రం ఇంటికి వెళ్ళి మీటరు మీది అంకె వ్రాసుకొనండి; వారం తరువాత మళ్ళీ వ్రాసుకొనండి. రెంటి తేడాను అమ్మకు చెప్పండి. పక్కింటివారి బిల్లు చదివి వినిపించండి. మీ ఇంట అద్దెదారు ఉంటే, మా తరగతిలో వేసిన లెక్క మీ నాన్నగారి ముందు వేయండి. కొంత ఇబ్బంది కలుగుతుంది, మాకూ కలిగినది.

కమిటీ పెద్దలకు ఒక మనవి. మన కళాశాల గేటు పక్కన కూడ ఒక మీటరు ఉన్నది. ప్రతి సోమవారం దాని అంకెను నోటీసు బోర్డుమీద, తెలుగులోను ఉర్దూలోను, వ్రాయించే ఏర్పాటు చేయగలరు. దానికి ఒక సుద్దముక్క తప్ప ఖర్చు లేదు. తన లెక్క తాను చదువుకోగల సంస్థ, తన లెక్క తాను చదువుకోగల విద్యార్థులను తయారుచేస్తుంది. అటువంటి విద్యార్థుల ఇళ్ళకు ఎంత తెలివైన మీటరు వచ్చినా భయం లేదు. మొన్న మా ఇంట రెండవ మీటరు బిగించినారు. పై పోర్షను అబ్బాయి స్టూలు వేసుకొని దానిమీది అంకెను తన నోటుపుస్తకంలో వ్రాసుకొంటుండగా చూచినాము. ఆ తరాజు నేడు అతని చేతిలో ఉన్నది.